చెయ్యి తడవకుండా చేపల పెంపకం

రామగుండం జ్యోతినగర్‌లో కొత్త సోఫా వచ్చిన ఇంటికి ఆ వెనకే వచ్చేది గాజు తొట్టి. నీలం లైటు, బుడగలు, ఎర్ర చేపలు, నోరు తెరిచి మూసే ప్లాస్టిక్ మొసలి. చుట్టాలొచ్చి "అబ్బ, మస్తున్నదే" అన్నారంటే తొట్టి పని తీరిపోయింది. ఆ తర్వాత చేపలు బతకడం, ఈనడం, నీళ్లు మార్చమనడం అంతా మనకు అదనపు డ్యూటీ, దానికి ఓటీ కూడా రాదు. కాబట్టి తొట్టి కొన్నవాడు చేపల గురించి తెలుసుకుని చేసేదేమీ లేదు. చేప పోయిన రోజు నలుగురిలో చెప్పడానికి ఒక మాట చేతిలో ఉంటే చాలు. ఆ మాటలూ, వాటిని వాడే సందర్భాలు త్వరగా వచ్చే ఉపాయాలూ కింద ఇస్తున్నాను.

1. లాభాల వాటా పడ్డ సాయంత్రమే కొనండి. దసరా ముందర సింగరేణి ఇళ్లలో బేరమాడే ఓపిక ఎవరికీ ఉండదు, అదే సుముహూర్తం. తొట్టీ చేపలూ ఒకే ఆటోలో ఇంటికి రావాలి. కొందరు చాదస్తులు ముందు తొట్టి నింపి, ఫిల్టరు పెట్టి, రోజూ చిటికెడు మేత వేస్తూ చేపలు లేకుండానే నాలుగు నుంచి ఆరు వారాలు ఆగుతారు. చేపల మలమూత్రాల్లోంచి వచ్చే అమ్మోనియా విషం. దాన్ని ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా ఫిల్టరు స్పాంజిలో స్థిరపడటానికి అంతకాలం పడుతుంది మరి. కానీ ఖాళీ నీళ్లను నెలరోజులు చూస్తూ కూర్చుంటే ఇంట్లోవాళ్లు మిమ్మల్ని ఆస్పత్రిలో చూపిస్తారు. రాగానే కవరు కోసి గుమ్మరించండి. వారంలో సగం పోతాయి. "షాపువాడు రోగం చేపలు అంటగట్టిండు" అనండి. ఇది మొదటి మాట, బాగా పనిచేస్తుంది.

2. గుండ్రటి గాజు గిన్నెను మించినది లేదు. గోల్డ్ ఫిష్ కార్పు జాతిది. సరైన నీళ్లలో అడుగు దాకా పెరుగుతుంది, పదేళ్లు దాటి బతుకుతుంది. అంటే పిల్లాడు ఒకటో తరగతిలో ఉండగా కొన్న చేప వాడి పదో తరగతి పరీక్షలప్పుడు కూడా మేత అడుగుతుంది. గిన్నెలో వేస్తే అంతదూరం రాదు. చిన్న తొట్టిలో చేప చిన్నగానే ఉంటుందని షాపులో చెబుతారు. నిజమే, ఉన్నంతకాలం చిన్నగానే ఉంటుంది.

పెద్ద తొట్టే కావాలని ఇంట్లో పట్టుబడితే రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తుది తీసుకోండి. అందులో 56 లీటర్లు పడతాయి, అంటే నీళ్ల బరువే 56 కిలోలు. గాజూ రాళ్లూ వేరే. దీన్ని పాత కుట్టుమిషను బల్ల మీదికి ఎక్కించి, కుంగిన కాలి కింద పేపరు మడిచి పెట్టండి. గాజు పగిలిన రోజు "ఓపెన్‌కాస్టుల బ్లాస్టింగ్ గట్టిగ చేసిండ్రు" అనండి. ఈ బొగ్గు బెల్టులో ఆ మాటకు ఎదురు చెప్పే మనిషి ఇంకా పుట్టలేదు. ఆ రోజు ఆదివారమైనా సరే.

3. ఈశాన్యం మూల, కిటికీ పక్కన పెట్టండి. వాస్తుకు వాస్తు, ఎండకు ఎండ. మే నెలలో రామగుండం 45 డిగ్రీలు దాటుతుంది. ఇంట్లో పెంచే చేపల్లో ఎక్కువ వాటికి 24 నుంచి 28 డిగ్రీల నీళ్లు హాయి, గోల్డ్ ఫిష్‌కు ఇంకా చల్లగా కావాలి. నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో కరిగే ఆక్సిజన్ తగ్గిపోతుంది. అయినా మనమే కూలరు ముందు సర్దుకుంటున్నాం, చేపలు సర్దుకోలేవా?

ఎన్టీపీసీవాళ్లు తమ రిజర్వాయరు మీద 500 ఎకరాల మేర 100 మెగావాట్ల తేలే సోలార్ పలకలు పరిచారు. 2022లో అవి పూర్తయ్యాయి. కరెంటు రావడమే కాక, ఆ నీడకు కింది నీళ్లు తక్కువ ఆవిరవుతాయని లెక్క. మనకు ఆవిరి ఎక్కువైతేనే లాభం. ఆవిరైనంత మళ్లీ పోసి, నీళ్లు మార్చినట్టు రాసుకోండి. నీళ్లే ఆవిరవుతాయి, మురికి తొట్టిలోనే ఉంటుంది కదా అని అడిగేవాళ్లతో స్నేహం మానుకోండి. ఎండకు నాచు పట్టి అద్దం పచ్చబడితే "నేచురల్ అక్వేరియం" అనండి. లోపల చేపలున్నాయా లేవా అన్నది కూడా ఇక కనబడదు.

4. నల్లా రాగానే బకెట్ పట్టి నేరుగా పోయండి. క్లోరిన్ మొప్పల్ని కాలుస్తుంది, మంచి బాక్టీరియాను చంపుతుంది, అందుకే నీళ్లు ఒక రోజు మూత లేకుండా ఉంచి వాడాలంటారు. ఉన్న రెండు బకెట్లలో ఒకటి చేపలకిస్తే బట్టలెక్కడ నానబెడతారు?

5. తొమ్మిది చేపలు వేయండి, ఎనిమిది ఎర్రవి, ఒకటి నల్లది. ఇది చైనా వాస్తు. చేప పోతే ఇంటికి రాబోయే కీడు అది మోసుకుపోయినట్టట. ఇంత గొప్ప సదుపాయం కుక్కలోనూ లేదు, ఆవులోనూ లేదు. మీరు చంపిన ప్రాణికి మీరే దండం పెట్టి, ఇరుగుపొరుగు చేత "పోనీలే, గండం గడిచింది" అనిపించుకుని, మర్నాడు ఇంకోటి తెచ్చుకోవచ్చు.

పిల్లాడు గోదావరి మడుగులోంచి సీసాలో కొర్రమీను పిల్లను పట్టుకొస్తే వద్దనకండి. అది తెలంగాణ రాష్ట్ర చేప, మర్యాద చెయ్యాలి. గప్పీల మధ్య వదలండి. కొన్నాళ్లకు గప్పీలను లెక్కపెట్టే పని తప్పుతుంది. మూత మాత్రం వేయకండి. కొర్రమీను పైగాలి కూడా పీల్చగలదు. రాత్రి దూకి సోఫా కిందికి పోతే, ఎప్పుడూ ఒకచోట కూర్చోని కుటుంబమంతా కలిసి వెతుక్కుంటుంది.

6. ఇక మేత. అసలు విద్య అంతా ఇక్కడే ఉంది. రెండు మూడు నిమిషాల్లో తినగలిగినంతే వేయాలని డబ్బా మీద రాసి ఉంటుంది. డబ్బా మీద రాసింది చదివితే ఈ దేశంలో ఏ పనీ కాదు. పొద్దున ఫస్ట్ షిఫ్టుకు పోతూ మీరు ఒక గుప్పెడు వేయండి. పూజయ్యాక అమ్మ నాలుగు మెతుకులు వేస్తుంది. బడి నుంచొచ్చి పిల్లలు బిస్కెట్ నలిపి వేస్తారు. సాయంత్రం వచ్చిన బావమరిది, గుడి కోనేట్లో వేసిన అలవాటు కొద్దీ మరమరాలు చల్లుతాడు. ఎవరు వేశారో ఇంకొకరికి చెప్పకపోవడం ముఖ్యం. తినగా మిగిలింది అడుగున కుళ్లి అమ్మోనియా అవుతుంది, నీళ్లు గంజిలా తెల్లబడతాయి.

అప్పుడు చేపలన్నీ పైకొచ్చి, నీటి అంచున నోళ్లు తెరిచి మూస్తుంటాయి. ఊపిరాడక చేసే పని అది. మీరు అలా అనుకోకండి.

"ఏందన్నా, అన్నీ పైకొచ్చి నోరు తెరుస్తున్నయ్?"

"ఆకలైతున్నది తమ్మీ. మనల్ని గుర్తువట్టినయ్."

ఇంకో గుప్పెడు వేయండి. ఇంత ప్రేమగా పోయిన చేపకు సాకు కూడా అక్కర్లేదు. "తిండికి ఏం లోటు చెయ్యలే" అంటే చాలు, వినేవాళ్ల కళ్లు చెమరుస్తాయి.

7. రాత్రి మోటారు ఆపేయండి. నైట్ షిఫ్ట్ చేసొచ్చినవాళ్లున్న ఇంట్లో పగలు కూడా ఆపేయండి. చిన్న గాలి మోటారు 5 వాట్లది, ఇరవై నాలుగ్గంటలూ తిరిగితే నెలకు మూడున్నర యూనిట్లు తింటుంది. పక్కనే 2600 మెగావాట్ల కేంద్రం పొగ కక్కుతూ ఉండగా ఆ 5 వాట్లు మనం పొదుపు చేస్తేనే దేశం బాగుపడుతుంది. నీళ్లలో నాచు, మొక్కలు ఉంటే మరీ మంచిది. చీకట్లో అవి కూడా ఆక్సిజన్ పీల్చుకుంటాయి, తెల్లారేసరికి పోటీ తేలిపోతుంది.

8. రోగాలకు పేర్లు మార్చండి. ఒంటి నిండా ఉప్పురవ్వల్లాంటి తెల్ల మచ్చలొస్తే "పెర్ల్ స్కేల్ జాతి" అనండి. ఆ పేరుతో గోల్డ్ ఫిష్ నిజంగానే ఉంది కాబట్టి ఎవరూ పట్టుకోలేరు. పొట్ట ఉబ్బి, పొలుసులన్నీ విచ్చుకుని నిలబడితే లోపల నీరు చేరినట్టు. మీరు కడుపుతో ఉందని చెప్పండి. పక్కింటివాళ్లు నాలుగు రోజులు గౌరవంగా వచ్చి చూసిపోతారు.

మందు వేయాల్సే వస్తే అన్నీ వేయండి. పసుపు, రాళ్ల ఉప్పు, ఇంట్లో మిగిలిన టానిక్కు, నీలం మందు సీసా మొత్తం. నీలం మందు ఎక్కువైతే ఫిల్టరులోని మంచి బాక్టీరియా పోతుంది, అద్దాల అతుకులు శాశ్వతంగా నీలం అవుతాయి. రంగు బాగుంటుంది.

9. పిల్లల్ని తీయించి వ్యాపారం చేయండి. ముందు కాగితం మీద. ఆడ గప్పీ నాలుగు వారాలకోసారి ఈనుతుంది, ఒకసారి మగదానితో కలిస్తే దాచుకున్న వీర్యంతో నెలల తరబడి ఈనుతూనే ఉంటుంది. కాన్పుకు 30 వేసుకోండి. అందులో ఆడవి 15, అవి ఒక్కోసారి ఈనితే 450. వాటిలో ఆడవి 225, అవీ ఈనితే 6,750. పిల్ల పది రూపాయలు, మొత్తం 67,500. ఈ కాగితం జేబులో పెట్టుకుని క్యాంటీన్లో వీఆర్ఎస్ గురించి గట్టిగా మాట్లాడండి.

పుట్టిన పిల్లల్ని తల్లే తినేస్తుంది, అందుకు వేరే తొట్టి పెట్టాలి, లేదా దాక్కోడానికి నాచు గుబురుగా వేయాలి, ఉప్పునీళ్లలో ఆర్టీమియా గుడ్లు పొదిగించి ఆ పురుగుల్ని పిల్లలకు మేపాలి అని కాగితంలో రాయకండి, లెక్క పాడవుతుంది. చెన్నై కొళత్తూరులో వీధులకు వీధులు ఈ పెంపకం మీదే బతుకుతున్నాయి. వాళ్లు జాతులు కలవకుండా చూస్తారు, మగ ఆడ విడదీస్తారు, పొద్దున్నే లేచి నీళ్లు మారుస్తారు. ఈ మూడూ తప్ప తక్కినదంతా వాళ్లను చూసి నేర్చుకోండి.

ఒకే తొట్టిలో తరాల తరబడి అన్నాచెల్లెళ్లు కలుస్తున్నాయే అని ఎవరైనా అంటే "మనలో మేనరికాలు లేవా?" అని ఎదురు అడగండి. మేనరికం వేరు, ఇది వేరు అంటే, గప్పీలకు వరసలు తెలియవనండి. వెన్ను వంకరతో పిల్ల పుడితే "డాన్సింగ్ గప్పీ" అని అయిదు రూపాయలు పెంచండి.

ఫైటర్ చేపల సంగతి వేరు. మగది నీళ్లపైన నురగతో గూడు కడుతుంది, రాలిన గుడ్లను నోటితో ఏరి గూట్లో పెడుతుంది, రెండు రోజుల్లోపు పొదిగేదాకా తిండి మానేసి కాపలా కాస్తుంది. ఇది కాలనీకి మంచిది కాదు. మొగుడు ఇల్లు కట్టి, పిల్లల్ని చూసుకోవడం ఆడవాళ్ల కంట పడితే మన బతుకేం కావాలి? నురగ కనబడగానే టీ వడపోసే జాలితో ఎత్తి పారేయండి. మురికి పట్టింది, తీశాననండి.

10. వారానికి నాలుగో వంతు నీళ్లు మార్చాలనే రూలుకు గని దగ్గరే విరుగుడు ఉంది. బకెట్ పట్టుకుని తొట్టి పక్కన నిలబడండి, ఇంటావిడ చూసిందా, బకెట్ లోపల పెట్టేయండి. గనిలో హాజరేసుకున్నట్టే, మస్టర్ పడింది. చుట్టాలొచ్చే ముందు రోజు మాత్రం మొత్తం తోడేసి, రాళ్లు, ఫిల్టరు స్పాంజి సబ్బు పొడితో తళతళలాడేలా కడగండి. స్పాంజిలో ఉన్న బాక్టీరియా అంతా మోరీలోకి పోతుంది, తొట్టి మళ్లీ ఒకటో నంబరు సలహా దగ్గర మొదలవుతుంది. ఆ స్పాంజిని తొట్టిలోంచి తీసిన పాత నీళ్లలోనే పిండితే సరిపోయేదట. అది చూడ్డానికి ఏం బాగుంటుంది?

11. మేడారం పోతున్నారా? నాలుగు రోజుల మేత ఒకేసారి వేసి తాళం వేయండి. ఆరోగ్యంగా ఉన్న చేప నాలుగు రోజులు తినకపోయినా బతుకుతుంది, ఆ మేతకు మాత్రం బతకదు.

12. సాకులు ఒకే వారంలో రెండుసార్లు వాడకండి. బొగ్గు దుమ్ము, బూడిద, ఎండ, దిష్టి, షాపువాడు, పక్కింటి పిల్లాడు అనే వరస పెట్టుకోండి. దిష్టిని పండగలకు దాచుకోండి.

13. ఎన్ని చేసినా చావకుండా మిగిలేది సక్కర్ ఫిష్. అద్దం నాకుతూ జానెడు దాటి పెరుగుతుంది. దాన్ని పుణ్యం పేరుతో గోదావరి బ్రిడ్జి దగ్గర వదిలి, ఫోటో తీసి స్టేటస్ పెట్టండి. అది దక్షిణ అమెరికా చేప. తొట్లలోంచి ఇలాగే బయటపడి ఆంధ్రలో చెరువుల్లో, కృష్ణలో పాతుకుపోయింది. దాని ముళ్లకు వలలు చిరుగుతున్నాయని జాలర్లు మొత్తుకుంటున్నారు, డెవిల్ ఫిష్ అని పేరు కూడా పెట్టారు. ఆ వలలు మనవి కావు కదా.

ఇవన్నీ వరసగా పాటించి, ఇంకా తొట్టి కావాలనిపించేవాళ్లు మా టీటీఎస్ కాలనీ వైపు రండి. రాళ్లు, మొసలి బొమ్మతో సహా సగం ధరకు ఇస్తాను. మోటారు కొత్తదే, వేసింది తక్కువ.