పెద్దాసుపత్రి బాగుపడాలంటే: కొన్ని తలకిందుల సలహాలు

ఈ సలహాలు చదివితే చాలామందికి ముందు కోపమే వస్తుంది. మంత్రిగారు తనిఖీకి వస్తే సంబరపడవద్దంటాను. తప్పు జరిగినప్పుడు సస్పెండ్ చెయ్యమని అడగవద్దంటాను. బాగులేదని తెలిసిన ఆసుపత్రికే వెళ్లమంటాను. అన్నీ ఆలోచించే అంటున్నాను. సర్కారు ఆసుపత్రి గురించి ఊళ్లోనూ టీవీలోనూ వినిపించే మాటలన్నీ ఒకే దారిన పోతుంటాయి: గట్టిగా నిలదియ్యండి, ఎవరో ఒకరి మీద చర్య తీసుకోండి, కొత్త బిల్డింగ్ కట్టించండి. ఆ దారిన ఏళ్లకేళ్లు నడిచాం. కాన్పుకొచ్చిన మనిషిని "మత్తు డాక్టర్ లేరు, జిల్లా ఆసుపత్రికి తీసుకుపోండి" అని అర్ధరాత్రి పంపెయ్యడం మాత్రం ఆగలేదు.

ఆకస్మిక తనిఖీకి చప్పట్లు కొట్టకండి. ఆకస్మికమన్న మాటే గానీ, కారు బయల్దేరేసరికే ఆసుపత్రికి కబురు చేరిపోతుంది. ఒక మండల కేంద్రంలో అలాంటి ఉదయం దగ్గరుండి చూశాను. గేటు నుంచి మెట్ల దాకా బ్లీచింగ్ చల్లారు. బీరువాలోంచి కొత్త దుప్పట్లు తీసి పరిచారు, మడత గీతలు ఇంకా పోలేదు. కాన్పుల గదిలో, పుట్టిన బిడ్డను వెచ్చగా పడుకోబెట్టే వార్మర్ మీద "పనిచేయడం లేదు" అని అంటించిన కాగితం చింపేశారు. వార్మర్ ఆ రోజూ పనిచెయ్యలేదు. వచ్చిన పెద్దలు ఓపీ దగ్గర ఇద్దరు ముసలివాళ్లను పలకరించారు, హాజరు పట్టీ తిరగేశారు, ఆలస్యంగా వచ్చిన ఫార్మసిస్టును అందరి ముందూ కేకలేసి వెళ్లిపోయారు. ఆ ఫార్మసిస్టు పక్క పీహెచ్‌సీ స్టోరు కూడా తనే చూస్తున్నాడని ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

అధికారి వచ్చి వెళ్లాక మీరు అడగాల్సింది ఒకే కాగితం, తనిఖీ నివేదిక. ఏ లోపం కనిపించింది, ఎవరు సరిచెయ్యాలి, ఏ తేదీలోపు చెయ్యాలి, పోయినసారి రాసినవాటిలో ఏవి పూర్తయ్యాయి. ఈ నాలుగూ లేనిదాన్ని తనిఖీగా లెక్కపెట్టకండి. కెమెరాలు రాని తనిఖీ మరొకటి ఉంది. కాగ్ ఆడిటర్లు మందుల స్టోర్లలో, బిల్లుల ఫైళ్లలో కూర్చుని రాసే నివేదిక అది. రాజ్యాంగంలోని 151వ అధికరణం ప్రకారం అది గవర్నర్‌కు చేరి, చట్టసభ ముందుకు రావాలి. ఆ తరవాత ప్రజాపద్దుల కమిటీ అధికారులను కూర్చోబెట్టి ఒక్కో పేరా మీద జవాబు రాబట్టాలి. పత్రికల్లో దానికి దక్కేది ఒక్క రోజు. మీ ఎమ్మెల్యే ఊళ్లోకి వచ్చినప్పుడు ఆ నివేదికలో మన జిల్లా ఆసుపత్రి గురించి ఏం రాశారో అడగండి. చదవకపోతే చదివి రమ్మనండి.

ఘోరం జరిగినప్పుడు ముందుగా సస్పెన్షన్ అడగకండి. దీనికి కోపం ఇంకా ఎక్కువ వస్తుందని తెలుసు. 2015 ఆగస్టులో గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో పది రోజుల పసిబిడ్డను ఎలుకలు కొరికాయి. బిడ్డ చనిపోయాడు. రాష్ట్రమంతా ఉడికిపోయింది. ఆసుపత్రికి ఎలుకలు పట్టేవాళ్లను పిలిపించారు. 2022 మార్చి చివర వరంగల్ ఎంజీఎంలో, శ్వాస సమస్యతో ఐసీయూలో ఉన్న రోగి చేతులూ కాళ్లూ ఎలుకలు కొరికాయి. సూపరింటెండెంట్‌ను బదిలీ చేశారు, ఇద్దరు డాక్టర్లను సస్పెండ్ చేశారు. నిమ్స్‌కు తరలించిన ఆ రోగి దక్కలేదు. రెండు ఘటనలకూ మధ్య ఆరున్నరేళ్లు గడిచాయి, రాష్ట్రాలు వేరు, ప్రభుత్వాలు వేరు. ఎలుకలకు దారి మాత్రం దొరుకుతూనే ఉంది.

ఎందుకంటే ఎలుకల్ని ఆపేది డాక్టర్ కాదు. మురుగు కాల్వకు జాలీ ఉండాలి, ఏసీ పైపులు వచ్చే కన్నాలు పూడ్చాలి, రోగి దగ్గరున్న బంధువులు తినడానికి వార్డు బయట చోటుండాలి, మిగిలిన అన్నం ఏ పూటకా పూట ఎత్తెయ్యాలి. పెద్దాసుపత్రుల్లో పారిశుద్ధ్యం ఏజెన్సీల చేతిలో ఉంటుంది. ఏజెన్సీకి నెలనెలా బిల్లు చెల్లించాలంటే, పని సరిగా జరిగిందని ఆసుపత్రి తరఫున ఒకరు సంతకం పెట్టాలి. ఆ నెల ఎవరు సంతకం పెట్టారు? ఒప్పందంలో ఎంతమంది పనివాళ్లు ఉండాలని రాశారు, ఎంతమంది వచ్చారు? తక్కువ వస్తే బిల్లులో కోత పెట్టారా? ఇవి అడిగితే సంతకం పెట్టే చెయ్యి వచ్చే నెల ఒక్క నిమిషం ఆగుతుంది. సస్పెన్షన్ వార్త వచ్చిన మర్నాడు ఈ ప్రశ్నలు ఎవరికీ గుర్తుండవు, అదే నా బాధ. తప్పు చేసినవాళ్లను వదిలెయ్యమని నేననడం లేదు. విచారణ నివేదిక బయటపెట్టండి, ఆ తరవాత శిక్షించండి, ఆ వరుసలో అడగండి.

ఎక్కువ ఆపరేషన్లు చేశారని ఎవరినీ అభినందించకండి. 2022 ఆగస్టు 25న రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం సామాజిక ఆరోగ్య కేంద్రంలో ఒకే రోజు 34 మంది ఆడవాళ్లకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. తరవాతి కొద్ది రోజుల్లో నలుగురు చనిపోయారు. పిల్లలున్న తల్లులు వాళ్లు. రోగంతో వచ్చినవాళ్లు కారు, ఆరోగ్యంగా నడిచి వచ్చారు. ఇన్ఫెక్షన్ సోకిందని విచారణలో తేలింది. అంతకు ముందు, 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర ఒక్క సర్జన్ కొన్ని గంటల్లోనే 83 మందికి ఈ ఆపరేషన్లు చేశాడు. అక్కడ పది మందికి పైగా తల్లులు పోయారు. 2016 సెప్టెంబరులో దేవికా బిశ్వాస్ కేసులో సుప్రీంకోర్టు ఇలాంటి క్యాంపులను మూడేళ్లలో ఆపించాలని చెప్పింది. ఇబ్రహీంపట్నం ఆ తీర్పు వచ్చిన ఆరేళ్లకు జరిగింది.

ఇక్కడ లెక్క తెలుసుకోవడం కష్టం కాదు. ఈ ఆపరేషన్లో వాడే లాపరోస్కోపును ఒకరికి వాడాక కడిగి, క్రిమిసంహారక ద్రావణంలో 20 నిమిషాలు నానబెట్టి, శుభ్రమైన నీళ్లతో మళ్లీ కడిగాకే మరొకరికి వాడాలి. అంటే ఒక్క పరికరంతో గంటకు ఇద్దరు ముగ్గురికి మించి చెయ్యడం కుదరదు. కాబట్టి మీ మండలంలో క్యాంపు పెడితే, ఎంతమందికి చేస్తారన్నది పక్కనపెట్టి ఎన్ని పరికరాలున్నాయో, ఎంతమంది సర్జన్లు వస్తున్నారో అడగండి. మీ ఇంటి ఆడపిల్ల వంతు చివర వస్తే, మరో రోజు వస్తామని చెప్పి తీసుకొచ్చెయ్యండి. ఆశా కార్యకర్త నొచ్చుకుంటుంది, ఆమెకూ పైనుంచి టార్గెట్ ఉంటుంది. అయినా తీసుకొచ్చెయ్యండి. ఇంటికొచ్చాక జ్వరం, కడుపునొప్పి, వాంతులు కనిపిస్తే తెల్లవారేదాకా ఆగకండి. టార్గెట్ల లెక్కతో అధికారుల పనితీరు కొలిచినంత కాలం ఈ భయం పోదు. ఎన్ని చేశారన్న లెక్క పక్కనే, చేయించుకున్నవాళ్లలో ఎంతమంది మళ్లీ ఆసుపత్రిలో చేరారన్న లెక్క కూడా అడిగే కలెక్టర్ మనకు కావాలి.

డాక్టర్ లేరని ఉన్న డాక్టర్‌ను తిట్టకండి. మైదాన ప్రాంతంలో 30,000 మందికి, ఏజెన్సీ ప్రాంతంలో 20,000 మందికి ఒక పీహెచ్‌సీ ఉండాలన్నది జాతీయ ప్రమాణం. కట్టడం వరకు అది చాలా చోట్ల నెరవేరింది. మనుషుల దగ్గరే తేడా వస్తుంది. 2021-22 గ్రామీణ ఆరోగ్య గణాంకాల ప్రకారం దేశం మొత్తం మీద గ్రామీణ సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో ఉండాల్సిన స్పెషలిస్టుల్లో దాదాపు 80 శాతం మంది లేరు. మీ ఎదురుగా కూర్చున్న ఆ కుర్ర డాక్టర్ లేనివాళ్ల పని కూడా చేస్తున్నారు. ఆమె మీద అరిస్తే వచ్చే ఏడాది ఆమె కూడా ఉండదు.

మరి ఏం అడగాలి? డిప్యుటేషన్ల జాబితా. ఇది చాలామందికి తెలియని కిటుకు. మీ ఊరి ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు పోస్టులో ఒకరున్నట్టు రికార్డు చెబుతుంది, జీతం ఆ పోస్టు మీదే పడుతుంది, ఆవిడ పని చేసేది జిల్లా కేంద్రంలో. కాగితం మీద పోస్టు నిండే ఉంది గనక ఖాళీల లెక్కలోకి రాదు, నోటిఫికేషన్‌లోకి ఎక్కదు. ల్యాబ్ టెక్నీషియన్ విషయంలోనూ ఇదే వరస. పీజీ చదువుకు వెళ్లిన డాక్టర్ మూడేళ్ల దాకా తిరిగిరారు, ఆ పోస్టును ఖాళీగా చూపించారా లేదా అన్నది కూడా అడగండి. మంజూరైన పోస్టులెన్ని, పనిచేస్తున్నవాళ్లెంతమంది, వాళ్లలో ఇక్కడ కాకుండా వేరేచోట ఉన్నవాళ్లెంతమంది. ఈ మూడో అంకె బయటికొస్తేనే మొదటి రెంటికీ అర్థముంటుంది.

సర్కారు దగ్గర డబ్బు లేదు, మనుషులు లేరు అన్న జవాబుతో వెనక్కి రావద్దు. బెంగాల్‌లో రైలు నుంచి పడి తలకు దెబ్బ తగిలిన ఒక వ్యవసాయ కార్మిక సంఘం సభ్యుణ్ని ప్రభుత్వ ఆసుపత్రులు ఒకదాని తరవాత ఒకటి పడకల్లేవని, వసతుల్లేవని తిప్పి పంపాయి. చివరికి ప్రైవేటులో చేర్చారు. 1996లో సుప్రీంకోర్టు అది జీవించే హక్కును భంగపరచడమేనని తేల్చి, నష్టపరిహారం ఇప్పించింది. డబ్బు లేదన్న సాకుతో ప్రభుత్వం ఈ బాధ్యత నుంచి తప్పుకోవడానికి వీల్లేదని కూడా చెప్పింది.

కొత్త భవనం అడగకండి. ఉస్మానియా వంటి చోట్ల నిజంగానే కావాలి, 2020 జులైలో అక్కడి పాత కట్టడం వార్డుల్లోకి వాన నీళ్లు వచ్చాయి. అలాంటివి తప్పిస్తే, 30 పడకల ఆసుపత్రిని 100 పడకలకు పెంచారని శిలాఫలకం చూసి మురిసిపోకుండా, పడకలు పెంచిన జీవోతో పాటు పోస్టుల జీవో వచ్చిందా అని చూడండి. పోస్టులు రాని పడకలంటే ఉన్న నర్సుల మీద అదనపు బరువు, అంతే.

మందు లేదని బయటికి రాస్తే కిక్కురుమనకుండా కొనుక్కోకండి. ప్రాణం మీదికొచ్చినప్పుడు ముందు కొనండి, అందులో ఆలోచన వద్దు. కానీ "ఇక్కడ స్టాకు లేదు" అని ఓపీ చీటీ మీద రాయించుకోండి. తెల్లకాగితం ముక్క మీద రాసిచ్చిన మందు ఏ రికార్డులోనూ ఉండదు. రికార్డులో లేని కొరత జిల్లా మందుల స్టోరుకు తెలియదు, వైద్య సేవల కార్పొరేషన్‌కు అంతకన్నా తెలియదు. ఫార్మసిస్టు విసుక్కుంటే నెమ్మదిగా చెప్పండి, ఇండెంటులో ఎక్కువ రాసుకోవడానికి ఆయనకూ అదే ఆధారం.

బాగులేని ఆసుపత్రికే వెళ్లండి. గుండెనొప్పి, ప్రమాదం, కష్టమైన కాన్పు అయితే 108కి ఫోన్ చేసి వాళ్లు ఎక్కడికి తీసుకెళ్తే అక్కడికే పొండి, వాటితో పంతాలు వద్దు. నేను చెప్పేది బీపీ, షుగర్, జ్వరం, రక్తపరీక్ష, మామూలు ఆపరేషన్ గురించి. మందుల ఇండెంటుకైనా అదనపు పోస్టుకైనా ముందు చూసేది ఓపీ రిజిస్టరే. కాస్త చదువూ పలుకుబడీ ఉన్నవాళ్లు ఆ వరుసలోంచి తప్పుకున్న రోజు నుంచి అక్కడ అడిగే గొంతు లేకుండా పోయింది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్యసేవ, ప్రైవేటుకు మాత్రమే అని చాలామంది అనుకుంటారు. సర్కారు ఆసుపత్రిలో ఆ కార్డు మీద చికిత్స జరిగితే ఆ సొమ్ము ఆ ఆసుపత్రికే వస్తుంది. అందులో కొంత సిబ్బందికి ప్రోత్సాహకంగా పోతుంది, మిగతాది ఆసుపత్రి అవసరాలకు వాడతారు. మీ కార్డును మీ ఆసుపత్రిలో వాడండి.

ఎమ్మెల్యేగారి సిఫారసు ఉత్తరం తీసుకోకండి. ఆ ఉత్తరంతో మీకు దొరికే పడక, ఉత్తరం లేనివాడికి దక్కాల్సిన పడక. ఎమ్మెల్యే చెయ్యాల్సిన పని వేరే ఉంది. ఆసుపత్రి అభివృద్ధి కమిటీకి చాలా చోట్ల ఆయనే అధ్యక్షుడు. కమిటీ చివరిసారి ఎప్పుడు కూర్చుంది, ఖాతాలో ఎంతుంది, దేనికి ఖర్చుపెట్టారు, ఆ మినిట్స్ ఎక్కడున్నాయి అని అడగండి. రాజ్యాంగం 11వ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగించదగిన విషయాల్లో ఆసుపత్రులూ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలూ ఉన్నాయి, కాబట్టి సర్పంచ్‌నూ ఎంపీటీసీనీ అడగడానికి సంకోచించకండి.

ఈ కాగితాలేవీ రహస్యం కావు. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు, నలుగురు కలిసి వెళ్లండి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. గ్రామ స్థాయి కార్యాలయానికైతే రుసుము లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు అదీ లేదు. ముందుగా డిప్యుటేషన్ల జాబితా అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి.