ఫిట్‌నెస్ బండికేనా?

కారుకు పదిహేనేళ్లు నిండగానే సర్కారుకు దాని ఆరోగ్యం మీద ఎక్కడలేని బెంగ పుట్టుకొస్తుంది. 600 రూపాయలున్న రీ-రిజిస్ట్రేషన్ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది. ఇరవై ఏళ్లు దాటితే 10,000 అని 2025లో మరో వాత పెట్టారు. కడితే పొగ తగ్గుతుందా? జేబు తగ్గుతుంది.

‘‘ఇంకా ఈ డొక్కు బండేంటి సార్, ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేయండి’’ అని షోరూం కుర్రాడి జాలి. కొత్త కారు అప్పు మాత్రం ఏడేళ్లు మనదే! అదే విజయవాడ ఆటోనగర్ మెకానిక్‌లైతే పాత బండి బానెట్ ఎత్తి, చెవి ఒగ్గి, ‘‘బెల్టు అరుస్తోంది బాబాయ్, మార్చేద్దాం’’ అని అక్కడికక్కడే తేల్చేస్తారు. కొత్త కారుకు ల్యాప్‌టాప్ తగిలిస్తే గానీ రోగం తెలీదు. బంపర్‌కు దెబ్బ తగిలితే లోపలి సెన్సరూ, దాంతోపాటు నెల జీతమూ గోవిందా.

మారుతి 800 తయారీ 2014లోనే ఆగిపోయింది. ఆ బళ్లు ఇంకా మన సందుల్లో తిరుగుతూనే ఉన్నాయి. సందుల్లో వేసిన రోడ్లే మొదటి వానకు లేచిపోతున్నాయి. బండికి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ అడిగే దొరలు, ఆ రోడ్డేసిన కాంట్రాక్టరునూ ఒకటి అడిగితే పుణ్యముంటుంది!