మరవ పారెడి చెరువు: ఒక తేటగీతికి టీకా తాత్పర్యం

అవతారిక

బెంగళూరులో కొలువు చేసే బావమరిది పండక్కి అనంతపురం వస్తాడు. సంచి కింద పెట్టకముందే "ఏముంది బావా మీ ఊర్లో చూసేకి?" అంటాడు. వ్యాకరణరీత్యా ఇది ప్రశ్న, ఆంతర్యంలో ఎత్తిపొడుపు. తక్కిన ఊళ్ళకు జాబితాలుంటాయి: ఫలానా గంటకు తెరుస్తారు, టికెట్టు ఇంత, చెప్పులు బయట విడవాలి. అనంతపురానికి అటువంటి జాబితా చెప్పబోయిన బావలు రెండు పేర్లు చెప్పి మూడోదాని దగ్గర దగ్గుతారు. ఆ దగ్గును కప్పిపుచ్చడానికి పుట్టిందే ఈ పద్యం. కర్త పేరు తెలియదు. "పోయి చూడు" అని చనువుగా గదమాయించాడు గనక బావే అయివుండాలి. "పోయి చూద్దాం" అనలేదు గనక ఆవేళ ఆయనకు సెలవు లేదు.

మూలం

పొద్దు గుంకిన వేళలో పోయి చూడు
గంట మరచిన గడియారకంబమొకటి;
మిర్చిబజ్జితో నుగ్గాని మెక్కి పిదప
మరవ పారెడి చెరువును మరువబోకు.

ప్రతిపదార్థం

పొద్దు గుంకిన వేళలో = తలమీది తువ్వాలు తీయగలిగిన సమయంలో; పోయి = వెళ్ళి; గంట మరచిన = వేళ తెలియకుండా చేసే; గడియారకంబము ఒకటి = ఊరంతా టవర్ క్లాక్ అని పిలిచే స్తంభాన్ని; చూడు = తలెత్తి చూడుము; మిర్చిబజ్జితోన్ = మిరపకాయ బజ్జీతో కూడ; ఉగ్గాని = నానబెట్టి పిండి పోపు పెట్టిన బొరుగులను; మెక్కి = మొహమాటం లేక తిని; పిదప = చెయ్యి కడుక్కున్న తరువాత; మరవ = నిండిన చెరువులో మిగులునీరు పొర్లిపోయే దారి; పారెడి = ప్రవహించుచున్నట్టి; చెరువును = తటాకమును; మరువబోకు = మరచిపోవద్దు.

తాత్పర్యం

ఓ బావమరిదీ! సాయంత్రం టవర్ క్లాక్ చూడు, ఉగ్గాని బజ్జీ తిను, చెరువు మరవ పారుతూ ఉంటే తక్కిన పనులన్నీ మాని అక్కడికి పో.

క్రమవిచారం

ఇక్కడొక చిక్కుంది. ఉగ్గాని అనంతపురంలో పొద్దున తినే టిఫిను. కవి దాన్ని సాయంకాలం తరువాత ఎత్తుకున్నాడు. ఆపైన "పిదప" చెరువుకు పొమ్మన్నాడు. చీకట్లో చెరువు కనిపించదు గదా అని ఆక్షేపణ. మీమాంసకులు దీనికి ఏనాడో సమాధానం చెప్పిపెట్టారు. పాఠక్రమం కంటే అర్థక్రమం బలీయం. వేదంలో అగ్నిహోత్రం ముందు చెప్పి, అందులో వేల్చే గంజి కాయడం తరువాత చెప్పినా, గంజే ముందు కాస్తారు. గంజికి చెల్లిన న్యాయం బొరుగులకూ చెల్లుతుంది. కాబట్టి ముందు మూడో పాదం, తరువాత నాలుగోది, చివర మొదటి రెండూ. పొద్దున ఉగ్గాని, ఆపైన చెరువు, సాయంత్రం స్తంభం. మధ్యాహ్నం గురించి కవి ఒక్క ముక్కా అనలేదు. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే ఎండలో అనడానికేమీ ఉండదు. ఆ మౌనమే ధ్వని.

గడియారకంబం

"గంట మరచిన" అన్నందుకు గడియారం ఆగిపోయిందని కొందరు అపార్థం చేస్తారు. గడియారానికి ఆపాదించడం తప్పు. దాని చుట్టుపక్కల కబుర్లలో పడినవాడు గంట మరచిపోతాడు, ఆ మరపును కవి స్తంభానికి అంటగట్టాడు. ఈ స్తంభం స్వాతంత్ర్యానికి గుర్తు. 15 అడుగుల వెడల్పు, 8 ముఖాలు, 47 అడుగుల ఎత్తు అని ఊళ్ళో చెప్పుకునే లెక్క. కలిపి చదివితే 15-8-47. పూర్వం శాసనకర్తలు వేదాలంటే నాలుగు, బాణాలంటే ఐదు అని సంవత్సరాన్ని మాటల్లో దాచేవారు. ఇక్కడ మేస్త్రీ తేదీనే అడుగుల్లో దాచాడు. బావమరిది చేత ఆ ముఖాలు ఒక్కొక్కటీ లెక్కపెట్టిస్తే అరగంట సులువుగా గడుస్తుంది.

ఉగ్గాని

"ఒగ్గాని" అని పాఠాంతరం. రెండూ రుచిలో సమానం. బొరుగులను నీళ్ళలో ముంచి, వెంటనే తీసి, గట్టిగా పిండి, ఉల్లిగడ్డలు, పచ్చిమిరపకాయలు, పసుపు వేసిన పోపులో కలిపి, పైన పప్పుల పొడి చల్లుతారు. ముంచిన నీళ్ళన్నీ మళ్ళీ పిండేయడంలో ఈ సీమ స్వభావం వ్యక్తమౌతోందని రసజ్ఞులు గ్రహిస్తారు. ఇక "మిర్చి" అన్యదేశ్యమని, "మిరపకాయ" అనవలసిందని లాక్షణికుల ఆక్షేపం. మిరపకాయ పెడితే గణం చెడుతుంది. కవి గణం కాపాడుకున్నాడు, బజ్జీ చెడలేదు. "మెక్కి" గ్రామ్యం గదా అంటే, నాలుగు బజ్జీలు పళ్ళెంలో ఉండగా "భుజించి" అనేవాడి ఆకలిని శంకించాలి.

చెరువు

పద్యానికి ప్రాణం ఈ పాదమే. అనంతపురం పేరు వెనుక ఉన్నది అనంతసాగరమనే చెరువు. దాన్ని, పక్కనే బుక్కరాయసముద్రాన్ని, మొదటి బుక్కరాయల మంత్రి చిక్క ఒడెయ కట్టించాడని చెబుతారు. అనంత అనేది బుక్కరాయల రాణి పేరని ఒక పక్షం. ఆ పేరుతో ఆయనకు రాణే లేదు, మంత్రి పూర్తిపేరు అనంతరస చిక్క ఒడెయ గనక అది మంత్రి పేరేనని ఇంకో పక్షం. సముద్రం ఛాయలు లేని చోట రెండు చెరువులకు సాగరమని, సముద్రమని పేరు పెట్టడాన్ని మాత్రం ఏ పక్షమూ ఆక్షేపించలేదు. దీన్ని అతిశయోక్తి అనకూడదు, మొక్కుబడి అనాలి.

ఎందుకంటే నైరుతి మేఘం పడమటి కనుమల అవతలే బరువు దించుకుని వస్తుంది. ఈశాన్య మేఘం కోస్తాలోనే ఖర్చయిపోతుంది. రెంటికీ నడుమ మిగిలిన జిల్లాకు ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. అదీ పడిననాటి మాట. కనుక చెరువు నిండటం ఏటా వచ్చే పండగ కాదు. నిండి మరవ పారిందంటే స్కూటర్లు, ఆటోలు, ట్రాక్టర్లు కట్టవైపు బారులు తీరుతాయి. కాల్చిన మొక్కజొన్న కంకులవాడు ఎవరూ పిలవకుండానే ప్రత్యక్షమౌతాడు. పిల్లలు చేపల కోసం, పెద్దలు ఫొటోల కోసం నీళ్ళలో దిగుతారు. ముసలివాళ్ళు మాత్రం ఊరికే నిలబడి చూస్తారు. వాళ్ళు చూసేది వినోదమో, లెక్కో చెప్పడం కష్టం: ఎన్నేళ్ళకు పారింది, ఎన్నెకరాలు తడుస్తాయి, బోర్లు ఎన్నాళ్ళు పోస్తాయి.

ఈ కట్ట దగ్గర వ్యాఖ్యాత కాస్త గొంతు తగ్గించాలి. బుక్కరాయసముద్రం చెరువు తెగబోతే, ఊరు నిలవాలంటే ముసలమ్మ అనే ఇంటికోడలు బలి కావాలని వాక్కు వినిపించిందని, ఆమె తనంత తానుగా వెళ్ళి నీటికి ప్రాణమిచ్చిందని కథ. ఈ కథ ఉన్న అనంతపుర చరిత్రను బ్రౌను దొర 1853లో ఇంగ్లీషులో అచ్చువేయించాడు. కట్టమంచి రామలింగారెడ్డి 1899లో ఆ ఇల్లాలి మీదే "ముసలమ్మ మరణం" రాశాడు. తెలుగులో ఆధునిక కావ్యానికి దాన్ని తొలి అడుగుగా లెక్కించే విమర్శకులున్నారు. నీళ్ళు లేక వలసపోయే సీమలో, నీళ్ళు ఎక్కువై చనిపోయిన స్త్రీ కథ కావ్యమైంది. 2022 అక్టోబరులో నడిమివంక పొంగి అనంతపురం కాలనీలు మునిగినప్పుడు ఆ కథ పాతబడలేదని ఊరు మరోసారి తెలుసుకుంది. అందుచేత "చెరువును" అన్న ద్వితీయా విభక్తిలో ముచ్చటతో పాటు భయమూ ఉంది. కట్టమీద ముచ్చటపడాలి, అలుగు మీద ఎగరకూడదు.

న్యూనతా దోషశంక

లేపాక్షి ఏది? తిమ్మమ్మ మర్రిమాను ఏది? అని పూర్వపక్షి. 2022 ఏప్రిల్ 4న జిల్లా రెండైనప్పుడు ఆ రెండూ శ్రీ సత్యసాయి జిల్లా వాటాకు పోయాయి. పద్యం పాతదైతే కవిది దూరదృష్టి, కొత్తదైతే ముందుజాగ్రత్త. గుత్తి కోట జిల్లాలోనే ఉంది గాని కొండెక్కి దిగేసరికి బావమరిది సెలవు సగం అయిపోతుంది. తాడిపత్రి పోతే శిల్పం కళ్ళు తిప్పుకోనివ్వదు. అయితే అక్కడి బుగ్గ రామలింగేశ్వరుడి గుళ్ళోనూ జనం విశేషంగా చెప్పుకునేది లింగం దగ్గర ఊరే నీటినే. సిద్ధాంతం మళ్ళీ చెరువు దగ్గరికే వచ్చింది.

ఊరి బయట గుర్రాలు లాగే రథం ఆకారంలో 2008లో వెలసిన ఇస్కాన్ గుడి మాటేమిటి? 1969లో వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ నెలకొల్పిన ఆర్డీటీ సేవాసంస్థ వారి మైదానం మాటేమిటి? 2010లో రఫెల్ నాదల్ స్వయంగా వచ్చి చూసిన టెన్నిస్ బడి ఉన్నది ఈ ఊళ్ళోనే. 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు జరిగిందీ ఇక్కడే. ఇవన్నీ "చూడు" అనే ఒక్క క్రియలో ఉపలక్షణంగా చేరతాయి. గుడికి వేళలున్నాయి, మ్యాచ్‌కు తేదీ ఉంది, కనుక వాటిని గుర్తుచేయడానికి కవి అక్కర్లేదు. వేళా తేదీ లేనిది మరవ ఒక్కటే. తక్కిన వాటిని "చూడు" అని వదిలి, దీన్ని మాత్రం "మరువబోకు" అని పట్టుబట్టడంలోని కిటుకు ఇదే. ఈ ఊళ్ళో గొప్ప వినోదం స్థలం కాదు, సమయం. అది మన సెలవు చూసుకుని రాదు, దాన్ని చూసుకుని మనమే సెలవు పెట్టాలి.

అలంకారం

మరవ, మరువ అని హల్లుల జంట అర్థభేదంతో ఆవృత్తి కావడం అనుప్రాసం. గడియారకంబంలో రెండూ తెలుగు పదాలే గనక సమాసదోషం లేదు. నాలుగు పాదాల్లో నీరు ఒక్క పాదంలోనే రావడం ఛందోనియమం వల్ల జరిగింది కాదు, సీమ వాటా ప్రకారం జరిగింది.

ఫలశ్రుతి

ఈ తేటగీతిని టీకతో చదివిన బావలకు మూడో అంశం దగ్గర దగ్గు రాదు. వానపడని ఏట చదివినవారికి ఉగ్గాని వరకు ఫలం తప్పదు, మిగిలింది వచ్చే కార్తెల బాకీ. పడిన ఏట చదివినవారు పుస్తకం మూసి వెంటనే బయలుదేరాలి. ఇంకో జత బట్టలు తీసుకుపోవడం మంచిది. ఫొటోకని మరవలో దిగినవాడు పొడిగా ఇల్లు చేరిన దాఖలా లేదు.