బ్రేక్ జర్నీ బావగారు

రైలు ఎలమంచిలిలో ఆగేదే కాసేపు. ఆ కాసేపట్లోనే కిటికీ చువ్వలు పట్టుకుని "దిగండి బావగారూ, ఓ పూటుండి వెళ్దురుగాని" అని బతిమాలే పెద్దమనిషి ఒకాయన ఉంటాడు. ఈయనలాంటివాళ్ళు కోస్తాలో రైలాగే ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. దారినపోయే చుట్టం దారినే పోతే వీళ్ళకి ఆ రోజు అన్నం సహించదు.

మామూలువాళ్ళు బతిమాలి ఊరుకుంటారు. ఈయన రూలు చదువుతాడు. "అయిదువందల కిలోమీటర్లు దాటిన టిక్కెట్టయితే, అయిదువందలు నడిచాక మధ్యలో ఒకసారి దిగొచ్చు. దిగిన రోజూ ఎక్కే రోజూ లెక్కలోకి రావు, పైన రెండు రోజులు మీవి. స్టేషన్ మాస్టరు చేత టిక్కెట్టు మీద రాయించే పూచీ నాది." సికింద్రాబాద్ నుంచి శ్రీకాకుళం వెళ్ళేవాళ్ళు ఎలమంచిలి చేరేసరికి అయిదువందలు ఎప్పుడో దాటేస్తారు. కాబట్టి చట్టం కూడా ఈయన పక్షమే. ముందు బెర్తు సంగతేమిటని అడిగితే మాత్రం వినబడనట్టు సంచీ అందుకుంటాడు.

ఈ తెగులు పుట్టుకతో వచ్చింది కాదు, పెరూలో అంటుకుంది. అమెరికాలో ఉన్న కొడుకు మాచుపిచ్చు చూపిస్తానని తీసుకెళ్ళి, ముందు కుస్కోలో రెండు రోజులు ఆపాడు. కుస్కో సముద్రమట్టానికి దాదాపు 3,400 మీటర్ల ఎత్తున ఉంది, అంటే మన అరకుకి మూడు రెట్ల పైచిలుకు. అంత ఎత్తులో గాలి పలచన, ఒళ్ళు అలవాటు పడేదాకా పరుగులు కూడదు. అదీ కొడుకు లెక్క. పెద్దాయన దాన్ని వైద్యం అనుకోలేదు, వేదాంతం అనుకున్నాడు. హోటలువాళ్ళిచ్చిన కోకా ఆకు టీ తాగి, కాఫీ ఉందా అని అడిగి, ప్లాసా దె ఆర్మస్‌లో బల్ల మీద కూర్చున్నాడు. సాయంత్రం దాకా లేవలేదు.

చూడాల్సినవి చూడకపోలేదు. ఇంకాల సూర్యాలయం కొరికాంచ గోడల మీదే స్పెయిన్‌వాళ్ళు కట్టిన చర్చిని చూశాడు. 1950 భూకంపానికి పైన చర్చి బాగా దెబ్బతింటే, కింద సున్నం లేకుండా పేర్చిన ఇంకాల రాళ్ళు చెక్కుచెదరలేదని గైడు చెబితే మన మేస్త్రీలని తలుచుకుని నిట్టూర్చాడు. కెథడ్రల్లో మార్కోస్ సపాతా గీసిన క్రీస్తు ఆఖరి విందు దగ్గర మాత్రం శాకాహారి గుండె ఝల్లుమంది. పళ్ళెంలో కాళ్ళు చాపి పడుకున్నది అక్కడివాళ్ళు ఇష్టంగా తినే గినీ పందట! ఇంతా చేసి మాచుపిచ్చు ఉన్నది 2,430 మీటర్ల ఎత్తులోనే. "కిందున్న ఊరికి పోవడానికి పైన అలవాటు పడ్డమేమిట్రా?" అని అడిగితే కొడుకు దగ్గర జవాబు లేదు. ఆ ప్రయాణంలో ఆయనకి మిగిలిందల్లా కుస్కోయే.

ఇంటికి రాగానే ఎలమంచిలికి కుస్కో హోదా ఇచ్చేశాడు. కొండల ఎత్తు లేకపోతేనేం, రాజులున్నారు. తూర్పు చాళుక్యుల శాఖ ఒకటి ఇక్కడినుంచే ఏలింది. వాళ్ళు 15వ శతాబ్దపు తొలినాళ్ళలో వేయించిన శాసనాలు దగ్గర్లోని పంచదార్ల గుళ్ళో స్తంభాల మీద ఉన్నాయి. దిగిన చుట్టాన్ని ముందు అక్కడికి తీసుకెళ్ళి ధర్మలింగేశ్వరుణ్ణి చూపించి, జలధారల దగ్గర కూర్చోబెడతాడు. మధ్యాహ్నం వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక. అంకుడు కర్ర తిప్పుతూ బొమ్మలకి లక్క రంగు పూసే పనివాడి ముందు గంట. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చిందనీ, 2025 గణతంత్ర దినోత్సవంలో మన రాష్ట్ర శకటం ఈ బొమ్మలేననీ, పనివాడు నోరు తెరిచేలోపే ఈయనే చెప్పేస్తాడు. ఎస్. రాయవరం వైపు తిరిగితే గురజాడ. 1862లో మేనమామ గారింట పుట్టాడు కనుక, "మహాకవి పుట్టడమే మజిలీలో పుట్టాడండీ!"

ఇది కాస్త సాగదీతే. కానీ ఏనుగుల వీరాస్వామి పేరెత్తినప్పుడు మాత్రం ఈయన మాట కాదనలేం. 1830 మేలో మద్రాసులో బయల్దేరిన ఆయన కాశీ వెళ్ళి, మరుసటేడు సెప్టెంబరులో ఇల్లు చేరాడు. మజిలీ మజిలీకీ దిగి, ఊరూ నీరూ మనుషులూ ఎలా ఉన్నారో రాసుకున్నాడు కాబట్టే మనకో పుస్తకం మిగిలింది.

మన పెద్దాయనకి బద్ధశత్రువు 2023 సంక్రాంతికి పట్టాలెక్కిన సికింద్రాబాద్–విశాఖ వందే భారత్. ఎలమంచిలిలో ఆగదు. కిటికీ తెరుచుకోదు కాబట్టి బతిమాలడానికీ వీల్లేదు. అది దూసుకుపోతుంటే ప్లాట్‌ఫారం మీద నిలబడి, లోపల తనవాళ్ళెంతమంది తప్పించుకుపోతున్నారో అని అద్దాల వెంట చూస్తాడు.

వాళ్ళకి ఆ బండి సంగతి చెబుతున్నది ఎవరో ఆయనకింకా తెలీదు. కుస్కోలో రెండు పూటలా హోటలువాడు వండాడు. ఎలమంచిలిలో గారెలకి పప్పు నానబోయాల్సింది ఇంటావిడ. ఆయన స్టేషన్‌కి బయల్దేరగానే ఆవిడ ఫోను తీస్తుంది. "వదినా, మీకు శ్రమెందుకు? హాయిగా వందే భారత్‌కి చేయించుకోండి. నే చెప్పానని మాత్రం అనకండేం."