గాలిలోని నీళ్లు నా వంతు

నేను ఎయిర్ డ్రయర్‌ని. పక్కపక్కన నిలబడ్డ రెండు ఇనుప టవర్లు, వాటిని కలిపే పైపులు, నాలుగు వాల్వులు, ముందొక ఫిల్టరు, వెనకొక ఫిల్టరు, మనిషి ఛాతీ ఎత్తులో ఒక ప్యానెల్. ఇంతే నా ఒళ్లు. ఒడిశాలోని రాయగడ జిల్లాలో, కల్యాణసింగ్‌పూర్ పల్లెల నుంచి జనం పనికి వచ్చే ఒక కార్ఖానాలో, కంప్రెసర్ హౌస్ గోడ పక్కన ఉంటాను. కార్ఖానా పేరుతో పనిలేదు. ఈ జిల్లాలో జేకేపూర్ కాగితం మిల్లు ఉంది, తేరుబలి ఫెర్రో అల్లాయ్స్ ఉంది, దొరగుడలో అల్యూమినా రిఫైనరీ ఉంది. గాలితో తెరుచుకుని గాలితో మూసుకునే వాల్వులు ఎక్కడున్నా, ఆ గాలిని ఆరబెట్టేది ఒకటి ఉండి తీరాలి.

మా ఊళ్లలో నీళ్లకు కొదవలేదు. కలహండి కొండల్లో పుట్టిన నాగావళి కల్యాణసింగ్‌పూర్ మీదుగా దిగి, రాయగడ దాటి, తోటపల్లి మీదుగా శ్రీకాకుళం వైపు పోతుంది. జూన్‌లో మబ్బు పట్టిందంటే నియమగిరి కొండలు రోజుల తరబడి కనిపించవు. ఆ గాలినే కంప్రెసర్ పీలుస్తుంది. పీల్చిన గాలిలో ఎంత నీరుందో కంటికి కనబడదు కాబట్టి, దాన్ని తీసేసే నా పని కూడా ఎవరి కంటా పడదు. లెక్క చెబితే తప్ప తెలియదు, అందుకే చెబుతున్నాను.

వానాకాలంలో ఒక మామూలు రోజు తీసుకోండి. 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ. ఘనమీటరు గాలిలో 24 గ్రాముల నీళ్లుంటాయి. నా ముందున్న కంప్రెసర్ నిమిషానికి 500 ఘనపుటడుగుల గాలి లాగుతుంది. అంటే గంటకు 20 లీటర్ల నీళ్లు ఆవిరి రూపంలో దాని లోపలికి పోతున్నాయన్న మాట. 7 కిలోల ప్రెజర్‌కి నొక్కేసరికి ఎనిమిది ఘనమీటర్ల గాలి ఒక్క ఘనమీటరులో ఇరుక్కుంటుంది. నొక్కుడుకి గాలి వేడెక్కుతుంది కనక అప్పటికి ఆవిరి ఆవిరిగానే ఉంటుంది. ఆఫ్టర్ కూలర్‌లో 40 డిగ్రీలకు చల్లారేటప్పటికి ఇక పట్టుకోలేక నీళ్లయిపోతుంది. ఆ 20 లీటర్లలో 15 దాకా కూలర్ కిందా, గాలి నిలవుండే రిసీవర్ ట్యాంకు కిందా ఉన్న డ్రెయిన్ల లోంచి బయటికి పోవాలి. మిగిలిన ఐదు లీటర్ల పైచిలుకు నా వంతు. రోజంతా నడిస్తే 130 లీటర్లు.

డ్రయర్ బాగోగులు అనగానే అందరూ నా టవర్ల వైపే చూస్తారు. కానీ ఆరబెట్టే పనిలో ముప్పాతిక భాగం నా దగ్గరికి రాకముందే జరిగిపోవాలి. కూలర్ గొట్టాల్లో సున్నం పేరుకుని గాలి 40కి బదులు 50 డిగ్రీల్లో వచ్చిందనుకోండి. ఘనమీటరుకు 51 గ్రాములు మోసుకొచ్చే గాలి 83 గ్రాములు మోసుకొస్తుంది. నా మీద పడే భారం అమాంతం అరవై శాతం పెరుగుతుంది, పైగా వేడిలో నా శక్తి తగ్గుతుంది. రిసీవర్ డ్రెయిన్ బిగుసుకుపోతే ఇంకా ఘోరం. ఆవిరి కాదు, నీళ్లే వచ్చి మీద పడతాయి. ఆవిరిని పట్టడానికి పుట్టినదాన్ని, నీళ్లు పోస్తే తట్టుకోలేను. నా లోపలి గుళికలు నానితే ఇక ఆవిరిని పట్టలేవు.

ఆ గుళికల సంగతి చెప్పాలి. అవి యాక్టివేటెడ్ అల్యూమినా. మిరియపు గింజంత తెల్లని ఉండలు. బాక్సైట్ రాయి నుంచి తీసిన అల్యూమినియం హైడ్రేట్‌ని వేడి చేస్తే అందులో ఇమిడి ఉన్న నీరు పోతుంది. నీరు వెళ్లిపోయిన చోట కంటికి కనబడని సందులు మిగులుతాయి. ఒక్క గ్రాము గుళికల్లో ఆ సందుల గోడలన్నీ పరిస్తే 300 చదరపు మీటర్ల దాకా వస్తుంది. తగిలిన ఆవిరి ఆ గోడలను పట్టుకుని ఉండిపోతుంది.

బాక్సైట్ అంటే ఈ కొండల పైపొర. నియమగిరి మీద గని తవ్వాలా వద్దా అన్నది 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు గ్రామసభలకు వదిలింది. ఆ ఏడాదే రాయగడ, కలహండి జిల్లాల్లో 12 పల్లెలు కూర్చుని, డోంగ్రియా కోంధులు నియమరాజుగా కొలిచే కొండను తవ్వొద్దని ఒక్క గొంతుతో చెప్పాయి. నా గుళికలు ఆ కొండవి కావు. అయినా అదే జాతి రాయితో నిండిన పొట్టతో, ఆ కొండ కనబడే చోట నిలబడ్డాను. ఒక్కో బస్తా గుళికల వెనక ఎక్కడో ఒక కొండ ఉంటుంది. వాటిని అజాగ్రత్తగా పాడు చేసి, బయట పారబోసి, కొత్తవి తెప్పించుకోవడం నాకు నచ్చకపోవడానికి అదొక కారణం.

ఒక టవర్ గాలిని ఆరబెడుతుంటే రెండోది తాను పట్టిన నీటిని వదులుకుంటుంది. మామూలుగా ఐదు నిమిషాలకోసారి వంతు మారుతుంది. వదులుకోవడానికి నాకు హీటర్ లేదు. ఆరిన గాలిలోంచే పదిహేను శాతం దాకా తీసి, ప్రెజర్ సున్నాకు దించి, రెండో టవర్ గుండా పంపుతాను. దీన్నే పర్జ్ అంటారు. ఎనిమిది రెట్లు విచ్చుకున్న ఆ గాలికి విపరీతమైన దాహం. గుళికల్లోని నీటిని ఊడ్చుకుని సైలెన్సర్ గుండా బయటికి పోతుంది. ఆ తర్వాత టవర్‌లో మళ్లీ ప్రెజర్ నింపుకుని వంతు కోసం సిద్ధంగా ఉంటాను. ఇలా వచ్చిన గాలి డ్యూ పాయింట్ (ఆవిరి నీరుగానో మంచుగానో మారే వేడి) మైనస్ 40 డిగ్రీలు. అంటే ప్రెజర్ గాలి ఘనమీటరులో గ్రాములో ఎనిమిదో వంతు నీరు కూడా ఉండదు. చల్లదనంతో ఆరబెట్టే డ్రయర్లూ ఉన్నాయి. అవి 3 డిగ్రీల దగ్గర ఆగిపోతాయి, ఇంకా దిగితే లోపల మంచు కడుతుంది. మామూలు పనులకు అవి చాలు, కరెంటూ కలిసొస్తుంది. కానీ నా గాలి బాయిలర్ కంట్రోల్ వాల్వులకు పోతుంది, బ్యాగ్ ఫిల్టర్ సంచులను దులపడానికి పోతుంది. సంచి మీద పేరుకున్న బూడిదకు తడి గాలి తగిలితే అది రాలదు. అట్టకట్టి సంచినే మూసేస్తుంది. వాల్వును కదిలించే పొజిషనర్‌లోని సన్నటి రంధ్రంలో ఒక్క నీటిబొట్టు చేరితే వాల్వు సగంలో నిలిచిపోతుంది. కంట్రోల్ రూమ్‌లో కూర్చున్న మనిషి తెరమన్నా తెరుచుకోదు.

మా కంప్రెసర్ హౌస్‌లో తెలుగు, ఒడియా, కువి మూడూ వినిపిస్తాయి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం జిల్లాలో భాగం. విజయనగరం నుంచి పార్వతీపురం, రాయగడ మీదుగా రాయపూర్ పోయే రైలు దారి ఇప్పటికీ రెండు వైపుల మనుషులనూ కలుపుతూనే ఉంది. నన్ను చూసుకున్న పెద్ద ఫిట్టరు పార్వతీపురం వైపు మనిషి. ఆయన కింద హెల్పరుగా చేరిన కుర్రాడు కల్యాణసింగ్‌పూర్ దగ్గరి పల్లెలోని కోంధు పిల్లాడు. ఇంట్లో కువి, బడిలో ఒడియా, నా దగ్గర తెలుగు. ఫిట్టరుని మావా అని పిలిచేవాడు.

2017 జూలై 16న నాగావళి, కల్యాణి నదులు ఒక్కసారిగా పొంగి కల్యాణసింగ్‌పూర్ ప్రాంతాన్ని ముంచేశాయి. సింగాపురం రోడ్, తేరుబలి స్టేషన్ల మధ్య రైలు వంతెన కొట్టుకుపోయింది. ఆ కుర్రాడి ఊరికి దారి తెగింది. కార్ఖానా ఆగింది. ఆగిన డ్రయర్ గురించి ఎవరికీ పట్టని మాట ఒకటుంది. నేను నడవకపోయినా నా గుళికలు ఊరుకోవు. ఇన్‌లెట్, ఔట్‌లెట్ వాల్వులు తెరిచి వదిలేస్తే పైపుల్లోని తడినంతా తాగేస్తాయి. ఆ హడావుడిలో కూడా ఫిట్టరు వచ్చి రెండు వాల్వులూ బిగించి, పర్జ్ లైనూ మూసి వెళ్లాడు. మళ్లీ మొదలెట్టినప్పుడు లైన్లోకి వెంటనే గాలి వదల్లేదు. ఔట్‌లెట్ మూసి ఉంచి, రెండు టవర్లనూ వంతులు మార్చుతూ ఉత్తినే చాలాసేపు తిప్పాడు. మీటరు మైనస్ 40 చూపించాకే వాల్వు తెరిచాడు. "ఇంకెంతసేపండీ" అని కంట్రోల్ రూమ్ నుంచి ఫోను మీద ఫోను. "ఆరనివ్వండి సార్, తడిగాలి ఇచ్చీసి ఏటి లాభం?" అన్నాడు. ఆ ఒక్క ఓపిక వల్ల ఎన్ని వాల్వులు బతికాయో నాకు తెలుసు.

మరో వానాకాలంలో నా డ్యూ పాయింట్ మెల్లగా పైకి పాకింది. మైనస్ 40 కాస్తా మైనస్ 25 అయింది, తర్వాత మైనస్ 12. ప్యానెల్ పక్కన గాజు కంటిలో ఉండే నీలం రంగు పాలిపోయి గులాబీకి తిరిగింది. నీలం అంటే పొడి, గులాబీ అంటే తడి. గుళికల పని అయిపోయింది, మార్చేద్దామని నలుగురూ తేల్చారు. టవర్లు రెండూ ఖాళీ చేసి నింపాలంటే బోలెడు డబ్బు. గుళికలు బాగుంటే మూడు నుంచి ఐదేళ్లు పనిచేస్తాయి, నావి ఇంకా ఆ వయసుకి రాలేదు. కుర్రాడు ప్రెజర్ గేజ్ దగ్గర నిలబడి వంతు మారేదాకా చూశాడు.

"మావా, ఈ టవరు సున్నాకి రాటం లేదు. అరకేజీ కాడ ఆగిపోతంది."

"ఆ పక్కదో?"

"దానికీ అంతే. నిన్న బి షిఫ్టులోనూ అంతే."

"రెండిటికీ అంతేనా? అయితే బాల్సు కాదురా నాయనా, సైలెన్సరు పూడిపోయింది."

రెండు టవర్లకూ బయటికి పోయే దారి ఒక్కటే, ఒక్కటే సైలెన్సర్. దారి పూడితే రెండు టవర్లూ ఒకేలా ఇబ్బంది పడతాయి. అరకిలో అంటే చిన్న సంగతి అనిపిస్తుంది. కానీ సున్నాకు దిగితే ఎనిమిది రెట్లు విచ్చుకోవాల్సిన పర్జ్ గాలి అరకిలో దగ్గర అయిదు రెట్లు చిల్లర మాత్రమే విచ్చుకుంటుంది. నీటిని ఊడ్చుకుపోయే శక్తిలో మూడో వంతు పోయినట్టే. వంతువంతుకీ కాస్త నీరు లోపల మిగిలిపోతుంది, అది పేరుకుంటుంది.

స్టాండ్‌బై డ్రయర్ మీదకు లైను మార్చారు. నా రెండు వాల్వులూ మూసి, ప్రెజర్ పూర్తిగా వదిలి, రెండు గేజ్‌లూ సున్నా అయ్యాయని కుర్రాడు పైకి చదివి చెప్పాక, స్విచ్‌కి ట్యాగు కట్టి అప్పుడు స్పానర్ పెట్టారు. సైలెన్సర్ విప్పితే లోపలంతా పిండిలా తెల్లటి పొడి. ఫిట్టరు వేళ్ల మధ్య నలిపి చూశాడు. ఇంకొకరైతే కడిగేసి బిగించేవారు. ఈయన పొడి ఎందుకొచ్చిందని ఆలోచించాడు. వంతు మారే ముందు టవర్‌లో నిండాల్సిన ప్రెజర్ పూర్తిగా నిండటం లేదు. 7 కిలోలు కావాల్సిన చోట 5 దగ్గరే వాల్వు మారిపోతోంది. మిగతా ప్రెజర్ ఒక్కసారి దూసుకురావడంతో గుళికలు ఎగిరి ఒకదానికొకటి రాసుకుని అరుగుతున్నాయి. ప్రెజర్ నింపే చిన్న వాల్వులో చెత్త ఇరుక్కుంది. దాన్ని తీసి, సైలెన్సర్‌లో కొత్త ఎలిమెంట్ వేసి, వెనక ఫిల్టరు కూడా మార్చి నన్ను లేపారు. సూది సున్నాకు వచ్చింది. డ్యూ పాయింట్ వెంటనే దిగలేదు. లోపల చేరిన నీరు వంతువంతుకీ కాస్త కాస్త వదలాలి. మర్నాటికి నీలం రంగు తిరిగొచ్చింది. గుళికల బస్తాలు స్టోర్‌లోనే ఉండిపోయాయి.

నాకు నిజంగా భయం పుట్టించేది నూనె. కంప్రెసర్ నూనె ఆవిరి, ముందున్న ఫిల్టరు దాటి వస్తే గుళికల సందుల్లో పొరలా పరుచుకుంటుంది. నీటిని వదలగలను, నూనెను వదల్లేను. గుళికలు గోధుమరంగుకు తిరుగుతాయి, ఇక ఎన్ని వంతులు మార్చినా లాభం లేదు. అందుకే ముందు ఫిల్టరు ఎలిమెంటుని ఖర్చు చూసుకుని వాయిదా వేయడం నాకు బొత్తిగా నచ్చదు. ఇక్కడ కాస్త మిగుల్చుకుంటే అంతకు ఎన్నో రెట్లు గుళికల దగ్గర పోతుంది. అలాగే టైమరు. తేమ ఉన్నా లేకున్నా ఐదు నిమిషాలకు వంతు మార్చేసేది. డిసెంబరు రాత్రుల్లో ఇక్కడి గాలి చల్లగా, పొడిగా ఉంటుంది. అప్పుడూ పదిహేను శాతం గాలిని పారబోయడమంటే 90 కిలోవాట్ల కంప్రెసర్ మీద 13 కిలోవాట్లు పారబోయడమే. డ్యూ పాయింట్ చూసుకుని వంతు మార్చే కంట్రోలర్ పెట్టాక నా పర్జ్ తగ్గింది. ఈ మార్పు ప్రతి కార్ఖానాలోనూ రావాలని గట్టిగా కోరుకుంటాను.

ఇంకొకటి కూడా చెప్పాలి. షిఫ్టు దిగేటప్పుడు కొందరు గాలి గొట్టంతో బట్టలు దులుపుకుంటారు. ఆ గాలి చర్మంలోంచి రక్తంలోకి పోగలదు, కన్ను పోగొట్టగలదు. ఫిట్టరు ఎంత మెత్తని మనిషైనా ఆ సమయంలో మాత్రం గట్టిగా కేకలేసేవాడు.

ఆయన రిటైరై పార్వతీపురం వెళ్లిపోయాడు. ఆ కుర్రాడే ఇప్పుడు నా ఆపరేటరు. లాగ్ బుక్‌లో నా గడులకు ముందు మూడు కొత్త గడులు గీశాడు: రిసీవర్ డ్రెయిన్, కూలర్ దాటిన గాలి వేడి, ముందు ఫిల్టరుకు ఇటూ అటూ ప్రెజర్ తేడా. టైమరు మీద తెరుచుకునే పాత డ్రెయిన్ తీసేసి, నీళ్లు నిండితేనే తెరుచుకునేది పెట్టించాడు. వానాకాలంలో పాతది చాలేది కాదు, ఎండాకాలంలో గాలి వృథా చేసేది. ఈ మధ్య ఐటీఐ చదివొచ్చిన ఒక అమ్మాయి ట్రైనీగా చేరింది. వచ్చీ రాగానే తిన్నగా నా ప్యానెల్ దగ్గరికి వచ్చి డ్యూ పాయింట్ చదవబోయింది.

"అది ఆఖర్న అమ్మా. ముందల రిసీవరు కాడికి రా. డ్రెయిన్ టెస్ట్ బటన్ నొక్కి నీళ్లొచ్చినాయో లేదో చూడు. అవతల కూలర్ వేడి ఎంత?"

"46 ఉందన్నా. రాసీనా?"

"రాసీ. రాసి, కూలర్ నీళ్ల వాల్వు ఎంత తెరిచుందో చూద్దాం పద."