మిస్‌డ్ కాల్‌కి మూడేళ్లు

అమీర్‌పేటలో మైత్రీవనం దగ్గర బస్సు దిగి బోర్డులు చదువుకుంటూ నడిస్తే, నెలన్నరలో మనిషి కాలేనిది ఏదీ లేదని అర్థమవుతుంది. జావా యుగం పోయింది, క్లౌడ్ యుగం పాతబడింది, ఇప్పుడు ఎథికల్ హ్యాకింగ్ నడుస్తోంది. ఫ్లెక్సీ మీద నల్ల హుడీ తొడుక్కున్న కుర్రాడు, మొహం ఉండాల్సిన చోట చీకటి, వెనకాల ఆకుపచ్చ అంకెల వాన. అంత నీతిమంతుడైన హ్యాకరు మొహం ఎందుకు దాచుకున్నాడో ఫ్లెక్సీ వేసినాయనకే తెలియాలి.

ఆ క్లాసులో కుర్రాడి చేతికిచ్చే మొదటి ఆయుధం ఎన్‌మ్యాప్. గోర్డన్ లయన్ అనే అమెరికన్ 1997లో రాసి, ‘ఫ్రాక్’ అనే హ్యాకర్ల పత్రికలో అచ్చేసి ఊరికే పంచిపెట్టిన ప్రోగ్రాం. 2003లో వచ్చిన ‘మ్యాట్రిక్స్ రీలోడెడ్’లో ట్రినిటీ ఇదే ఎన్‌మ్యాప్ కొట్టి కరెంటు వాళ్ల కంప్యూటర్‌లోకి దూరింది. సినిమావాళ్లు మొదటిసారి అసలు సరుకు చూపించారని తెలిసినవాళ్లు మురిసిపోయారు. ట్రినిటీ మీద ఎఫ్ఐఆర్ అయిందో లేదో మాత్రం చూపించలేదు. మన కుర్రాళ్లు చెడిపోయింది అక్కడే.

ఇంతకీ స్కానింగ్ అంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. నెట్‌వర్క్‌లో ఉన్న ప్రతి కంప్యూటర్‌కీ 65,535 పోర్టులుంటాయి. వరసబెట్టి వాటన్నిటికీ మిస్‌డ్ కాల్ ఇచ్చుకుంటూ పోవడమే స్కానింగ్. ఇక్కణ్ణుంచి ‘సిన్’ అనే చిన్న ప్యాకెట్టు వెళ్తుంది: ఉన్నావా? పోర్టు తెరిచుంటే అవతల్నించి ‘సిన్-ఆక్’ వస్తుంది: ఉన్నాను, చెప్పు. చెప్పడానికి మనవాడి దగ్గర ఏమీ లేదు. టక్కున పెట్టేసి తర్వాతి నంబరు నొక్కుతాడు. 22లో ఎవరో ఎత్తారు, అంటే ఎస్ఎస్‌హెచ్. 80లో ఎత్తారు, వెబ్ సర్వరు. 3389లో ఎత్తారంటే విండోస్ రిమోట్ డెస్క్‌టాప్. ఆ ఆఫీసు వాళ్లకి కొద్దిరోజుల్లో రాన్సమ్‌వేర్ వాళ్ల పలకరింపు కూడా రాసిపెట్టి ఉందన్నమాట. ఈ పద్ధతికి స్టెల్త్ స్కాన్ అని పేరు. ఎవరికీ తెలియదని కుర్రాడి ధీమా. ఇవాళ్టి ఫైర్‌వాల్ ఏదైనా దాన్ని తేదీ, టైముతో సహా రాసిపెట్టుకుంటుంది.

మిస్‌డ్ కాల్ ఇచ్చినందుకు జైల్లో పెడతారా అని కుర్రాడి ప్రశ్న. పెట్టొచ్చు. మన ఐటీ చట్టం 2000 రెండో సెక్షన్ ప్రకారం, యాక్సెస్ అంటే లోపలికి చొరబడ్డం ఒక్కటే కాదు. కంప్యూటర్‌కి ఆజ్ఞ ఇచ్చినా, దానితో సంభాషించినా యాక్సెస్సే. ‘ఉన్నావా’ ‘ఉన్నాను’ అన్నది సంభాషణ కిందికి రాదని వాదించాలంటే మంచి లాయరు కావాలి. మంచి లాయరు నెలన్నర కోర్సు ఫీజుకి దొరకడు. యజమాని అనుమతి లేకుండా యాక్సెస్ చేస్తే 43వ సెక్షన్ కింద నష్టపరిహారం కట్టాలి, దానికి దురుద్దేశం ఉండాలని కూడా లేదు. ఈ తగవు మొదట వినేది జడ్జి కాదు, రాష్ట్ర ఐటీ శాఖ కార్యదర్శి. 5 కోట్ల రూపాయల దాకా క్లెయిములు ఆయన చేతిలోనే తేలతాయి. అదే పని కపటంతోనో మోసపూరితంగానో చేశాడని రుజువైతే 66వ సెక్షన్: మూడేళ్ల దాకా జైలు, లేదా 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ.

70వ సెక్షన్ ఇంకాస్త ఆప్యాయంగా ఉంటుంది. ప్రభుత్వం రక్షిత వ్యవస్థగా నోటిఫై చేసిన కంప్యూటర్ల జోలికి పోతే పదేళ్ల దాకా. చొరబడక్కర్లేదు, ప్రయత్నిస్తే చాలు. ఆధార్ డేటా భాండాగారాన్ని 2015లో ఆ జాబితాలో చేర్చారు. యూపీఐ నడిపే ఎన్‌పీసీఐ, ఐసీఐసీఐ, హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకుల కీలక వ్యవస్థలు 2022లో చేరాయి. టీ కొట్టు దగ్గర యూపీఐ గిరగిరా తిరుగుతోంది. కుర్రాడికి చిర్రెత్తి, సర్వరు బతికుందో లేదో చూద్దామని ల్యాప్‌టాప్ తీశాడు. తగిలింది జాబితాలో ఉన్న మెషీనే అయిందనుకోండి. టీ పన్నెండు రూపాయలు, శిక్ష పదేళ్ల దాకా. కొరివితో తల గోక్కోవడానికి ఇంతకంటే చవకైన మార్గం నాకైతే కనపడలేదు.

ఈ విషయంలో దొంగలే నయం. 2016లో మిరాయ్ అనే బాట్‌నెట్ ప్రపంచంలోని సీసీ కెమెరాలూ, రౌటర్లూ దొరికినవి దొరికినట్టు స్కాన్ చేసి, అరవై పైచిలుకు ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లతో తెరిచి, తన సైన్యంలో కలిపేసుకుంది. తర్వాత దాని కోడు బయటపడింది. అందులో ఒక చిట్టా ఉంది: ఈ అడ్రసులు మాత్రం ముట్టుకోవద్దు అని. అమెరికా రక్షణ శాఖ, అమెరికా పోస్టాఫీసు, జనరల్ ఎలక్ట్రిక్, హెచ్‌పీ. ఇంటర్నెట్‌ని కుదిపేసినవాళ్లకి పోస్టాఫీసంటే భయం! రాసిన ముగ్గురు కుర్రాళ్లకీ 2018లో అలాస్కా ఫెడరల్ కోర్టు ఐదేళ్ల ప్రొబేషనూ, 2,500 గంటల సమాజసేవా విధించింది. ఎఫ్‌బీఐకి సాయం చేశారని జైలు తప్పింది. స్కాన్ చేసినవాళ్ల చరిత్రలో ఇంత మర్యాద దక్కినవాళ్లు తక్కువ.

కావాలంటే మిగతా కేసులు చూడండి. 1999లో అమెరికాలోని జార్జియాలో స్కాట్ మౌల్టన్ అనే ఆయన తను చూసుకునే 911 అత్యవసర కేంద్రం భద్రత కోసమే అక్కడి నెట్‌వర్క్‌ని స్కాన్ చేశాడు. ఆ దారిలో వేరే కంపెనీ సర్వరు తగిలింది. అరెస్టు. సివిల్ దావాలో ఫెడరల్ కోర్టు 2000లో తేల్చి చెప్పింది: స్కాన్ వల్ల ఆ మెషీన్‌కి ఏ హానీ జరగలేదు, విచారణకి మీరు పెట్టుకున్న ఖర్చు నష్టం కిందికి రాదు అని. గెలిచాడు. లాయర్లకి లక్ష డాలర్ల పైనే అయింది. ఆ లాయర్లకి కంప్యూటర్ పాఠాలు చెప్పీ చెప్పీ చివరికి ఆయనే కంప్యూటర్ ఫోరెన్సిక్స్ కంపెనీ పెట్టుకున్నాడు. ఫిన్లాండ్‌లో పదిహేడేళ్ల కుర్రాడు ఒక బ్యాంకుని స్కాన్ చేస్తే అక్కడి సుప్రీంకోర్టు 2003లో అది చొరబాటు ప్రయత్నమేనని చెప్పి, బ్యాంకువాళ్ల విచారణ ఖర్చులు కట్టించింది. ఇజ్రాయెల్‌లో ఒకాయన ఏకంగా గూఢచారి సంస్థ మొసాద్ వెబ్‌సైట్‌నే స్కాన్ చేశాడు. 2004లో జడ్జి వదిలేయడమే కాదు, చెడు తలంపు లేకుండా లోపాలు వెతికేవాళ్లని మెచ్చుకోవాలన్నాడు. అంటే బ్యాంకు జోలికి పోకూడదు గానీ మొసాద్ జోలికి పోవచ్చని కాదు అర్థం. ఏ దేశంలో, ఏ జడ్జి ముందు, ఏ మూడ్‌లో అన్నదే ఇక్కడ చట్టం.

వీళ్లందరిలో నాకు జాలేసేది లండన్‌లో డేనియల్ కుత్‌బర్ట్ మీద. 2004 డిసెంబరు సునామీ మన కోస్తాని కూడా ముంచింది కదా, ఆ బాధితుల కోసం ఒక సైట్‌లో ముప్పై పౌండ్లు వేశాడు. థాంక్స్ అని కూడా రాలేదు. దొంగ సైటేమోనని అనుమానమొచ్చి, అడ్రసు గడిలో నాలుగు చుక్కలూ గీతలూ కొట్టి చూశాడు. అది పోర్టు స్కానింగ్ కూడా కాదు. అక్కడి అలారం మోగింది. 2005లో కోర్టు శిక్ష వేయక తప్పట్లేదని విచారం వ్యక్తం చేస్తూనే 400 పౌండ్ల జరిమానా, 600 పౌండ్ల ఖర్చులు వేసింది. దానం ముప్పై, దక్షిణ వెయ్యి.

సరే, చట్టం సంగతి అలా ఉంచండి. వట్టి మిస్‌డ్ కాల్‌తో ఎవరికి ఏం నష్టం అనేవాళ్లు ఆఫీసు ప్రింటర్‌ని అడగాలి. చాలా ప్రింటర్లు 9100 పోర్టులో వింటుంటాయి, ఆ పోర్టుకి ఏం పంపితే అది కాగితం మీద కొట్టేస్తాయి. ‘నువ్వే వెర్షన్?’ అని స్కానర్ అడిగితే, ప్రింటర్ ఆ ప్రశ్ననే అచ్చేసి ట్రేలో పడేస్తుంది. పేజీ మీద ఒక వింత లైను, తర్వాత ఖాళీ, మళ్లీ ఇంకో పేజీ. ఈ గోల పడలేకే ఎన్‌మ్యాప్ వాళ్లు వెర్షన్ కనుక్కునే పనిలోంచి 9100 నుంచి 9107 దాకా పోర్టులు ముందే తీసేశారు. ఫ్యాక్టరీల్లో కాగితంతో పోదు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ తన మార్గదర్శిలో రాసిన ఉదంతాలున్నాయి: నెట్‌వర్క్‌లో ఎవరెవరున్నారో చూద్దామని ఎవరో పింగ్ చేస్తే, ఊరికే ఆగి ఉన్న తొమ్మిదడుగుల రోబో చెయ్యి ఒక్కసారిగా 180 డిగ్రీలు తిరిగింది. గదిలో ఉన్న మనిషి అదృష్టం కొద్దీ దానికి అందనంత దూరంలో ఉన్నాడు. చిప్‌లు చేసే చోట ఇంకో పింగ్ 50 వేల డాలర్ల సరుకు పాడుచేసింది. ఒక గ్యాస్ కంపెనీలో పరీక్షలు చేసేవాళ్లు గీత దాటి కంట్రోల్ నెట్‌వర్క్‌లోకి పోతే ఊరికి నాలుగు గంటలు గ్యాస్ లేదు. అది కూడా అనుమతి తీసుకుని వచ్చినవాళ్లు చేసిన నిర్వాకం.

మా అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు కుర్రాడు కోర్సు పూర్తిచేసి వచ్చి, కామన్ వైఫై మీద బిల్డింగంతా స్కాన్ చేశాడు. సీసీటీవీ డీవీఆర్ దొరికింది. యూజర్ నేమ్ అడ్మిన్, పాస్‌వర్డూ అడ్మినే. పార్కింగు, లిఫ్టు, వాచ్‌మన్ నిద్ర, అన్నీ ఫోన్లో కనపడుతున్నాయి. పరోపకార బుద్ధి పుట్టి సెక్రటరీ గారి దగ్గరికి వెళ్లాడు. ఆయన రెవెన్యూలో డిప్యూటీ తహసీల్దారుగా రిటైరయ్యారు.

‘‘అంకుల్, మన కెమెరాలు ఎవరైనా చూసెయ్యొచ్చు.’’

‘‘నిన్నెవరు చూడమన్నారు?’’

‘‘స్కాన్ చేస్తే కనపడ్డాయంకుల్.’’

‘‘స్కాన్ చెయ్యమని జనరల్ బాడీ తీర్మానం అయిందా? లెటరుందా?’’

‘‘లేదంకుల్. కానీ షోడాన్ అని అమెరికావాడి సైట్ ఉంది. 2009 నుంచీ ప్రపంచంలో ఉన్న మెషీన్లన్నీ స్కాన్ చేసి పెడుతోంది. అందులో కూడా మన డీవీఆర్ ఉంది.’’

‘‘అమెరికావాడు చూస్తే చూడనీ. వాడు మన అసోసియేషన్ మెంబరు కాదుగా. నువ్వు మెంబరువి.’’

‘‘ముందు పాస్‌వర్డ్ మార్చించండంకుల్.’’

‘‘కెమెరాలు పెట్టినవాడి ఏఎంసీ నిరుడే అయిపోయింది. వాడు దొరికాక చూద్దాం. ఈలోగా ఏమేం చూశావో కాగితం మీద రాసి సంతకం పెట్టివ్వు.’’

కుర్రాడు రాసిచ్చాడు. నేరాంగీకార పత్రాన్ని ఇంత ముత్యాల్లాంటి దస్తూరీలో ఈ రాష్ట్రంలో ఇంకెవరూ ఇచ్చి ఉండరు. సెక్రటరీ గారు దాన్ని లామినేషన్ చేయించారని వినికిడి. విజిటర్ల స్లాటులో రోజూ నిలబడే రెండో కారు ఎవరిదో కెమెరాలో పడిందేమోనని ఆయన కంగారు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం మనకి కొత్తా! అయితే కుర్రాడూ శుద్ధపూస కాదు. పోర్టు తెరిచుందో లేదో చూడ్డం మీద కోర్టులు ఇరవై ఏళ్లుగా కొట్టుకుంటున్నాయి. అడ్మిన్, అడ్మిన్ అని కొట్టి లోపలికి పోవడం మీద ఎవరికీ అనుమానం లేదు. 43వ సెక్షన్‌లో మొదటి క్లాజు దానికోసమే పుట్టింది. మంచి మనసుతో చేశాను అనడానికి మన చట్టంలో ఖాళీ గడి లేదు. అమెరికా న్యాయశాఖ సదుద్దేశంతో చేసే పరిశోధన మీద కేసులు పెట్టొద్దని 2022లో తన ప్రాసిక్యూటర్లకి చెప్పింది. మన దగ్గర ఆ మాట ఎవరి నోటా చట్టంగా రాలేదు.

సెక్రటరీ గారిని వెక్కిరించడం తేలిక గానీ ఆయన అడిగిన ప్రశ్న ఒక్కటే పనికొచ్చేది: లెటరుందా? అదే కుర్రాడు, అదే ల్యాప్‌టాప్, అవే ప్యాకెట్లు. లెటర్‌హెడ్ మీద ఏయే ఐపీ అడ్రసులు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఏదైనా పడిపోతే ఎవరికి ఫోన్ చెయ్యాలి అని రాసి ఓనరు సంతకం ఉంటే అది పెనెట్రేషన్ టెస్టింగ్. 18 శాతం జీఎస్టీతో బిల్లు పంపుకోవచ్చు. లేకపోతే ఎఫ్ఐఆర్. ఎథికల్ హ్యాకింగ్‌లో ఎథిక్స్ అంతా ఆ కాగితంలోనే ఉంది, అది మాత్రం అమీర్‌పేట సిలబస్‌లో చివరి రోజు చివరి పావుగంట. కాగితం ఉన్నా ఇచ్చినవాడు అసలు యజమానేనా అని చూసుకోవాలి. 2019లో అమెరికాలోని అయోవాలో రాష్ట్ర కోర్టుల పరిపాలనా విభాగం రాసిచ్చిన లెటరుతో ఇద్దరు రాత్రిపూట ఒక కోర్టు భవనం భద్రత పరీక్షించబోతే, భవనం జిల్లాదంటూ షెరీఫ్ లోపలేశాడు. కేసు ఎత్తేయడానికి నాలుగు నెలలు పైన పట్టింది.

కాగితం లేని అమెరికావాళ్లు, చైనావాళ్లు, బాట్‌నెట్లు మాత్రం మన సర్వర్లకి రాత్రింబవళ్లు మిస్‌డ్ కాల్స్ ఇస్తూనే ఉంటారు. మిషిగన్ యూనివర్సిటీ వాళ్లు 2013లో జెడ్‌మ్యాప్ అని ఒకటి తయారుచేశారు. ఒక్క కంప్యూటర్ నుంచి 45 నిమిషాల్లోపు ఇంటర్నెట్‌లో ఉన్న పాత పద్ధతి అడ్రసులన్నీ పలకరించి వస్తుంది. కీలక నెట్‌వర్క్‌లని గురిపెట్టి స్కాన్ చేస్తే గమనించిన ఆరు గంటల్లో చెప్పాలని మన సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఉత్తర్వు ఇచ్చింది, జాబితాలో మొట్టమొదటి ఐటమే అది. చెప్పినంత మాత్రాన ఎక్కడో సముద్రాల అవతల ఉన్న బాట్ ఇంటికి కానిస్టేబుల్ వెళ్లడు. ఆధార్ ఇచ్చి తీసుకున్న బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్ ఇంటికి మాత్రం బండి మీద వెళ్లొచ్చు. దొరికితేనే దొంగ, లేకపోతే దొర.

అంతగా చెయ్యి దురద పెడితే ఎన్‌మ్యాప్ వాళ్లే ‘స్కాన్‌మీ’ అని ఒక మెషీన్ పెట్టారు. రండి, నన్ను స్కాన్ చేసుకోండి, రోజుకి ఏదో కొన్నిసార్లు చాలు, వందలసార్లు వద్దు అని రాసిపెట్టారు. లెటరు అడిగేవాడు లేడు, సెక్షన్ల గొడవ లేదు. మూడో అంతస్తు కుర్రాడికి అదే చెప్పాను. మొహం వేలాడేశాడు.

‘‘వాళ్లే చేసుకోమన్నాక ఇంకేం మజా అంకుల్!’’