గట్టుశాస్త్రం

మూడు మానిటర్లు వరసగా పెట్టుకుని కారు రేసు ఆడే మా మేనల్లుడికి రోడ్డు విరిగింది. ఎడమ తెరలో ఏటవాలుగా ఎక్కుతున్న తెల్లగీత నడి తెరలోకి వచ్చాక, ఎక్కాల్సినంత ఎక్కకుండా, ఆగిన ఎత్తు నుంచే మళ్లీ బయల్దేరుతోంది. దోషం తెరల నడుమ ఉన్న ప్లాస్టిక్ చట్రానిది. లోకం దీన్ని బెజెల్ అంటుంది. రెండు మళ్ల మధ్య ఉండేదాన్ని గట్టు అనడమే శాస్త్రసమ్మతం.

గట్టు వెనక కూడా లోకం ఉందని గ్రాఫిక్స్ కార్డును ఒప్పించడమే గట్టు దిద్దుబాటు. రైలు కిటికీ చువ్వ చెట్టును కాస్త దాస్తుందే గాని, రెండుగా నరికి దగ్గరకు జరపదు కదా! ఏఎండీ 2009లో ఐఫినిటీ పేరుతో మూడు తెరలను ఒకటి చేసినప్పుడు ఈ జ్ఞానం లేదు. మరుసటి ఏడు కలిగింది.

ఇందులో ప్రమాణం అర్థాపత్తి. పగలు తినని దేవదత్తుడు లావుగా ఉన్నాడంటే రాత్రి తింటున్నాడని మీమాంసకులు తేల్చారు. ఎడమ తెరలో మునిగిన లారీ ముక్కు కాసేపాగి నడి తెరలో తేలిందంటే, ఆ కాసేపూ గట్టు వెనక ఉన్నట్టే. దిద్దుబాటు లేనిచోట ఇక్కడ మునిగిన క్షణమే అక్కడ తేలుతుంది. అది సిద్ధులకు తగును, లారీలకు తగదు.

ఇక గణితం. 24 అంగుళాల 1920×1080 తెరలో ఒక్కో చుక్క సుమారు 0.277 మిల్లీమీటర్లు. చట్రం 15 మిల్లీమీటర్లయితే, రెండు చట్రాల గట్టు 30. అంటే 108 చుక్కలు. రెండు గట్లకు 216. కనుక 5760 వెడల్పు 5976 అవుతుంది. కొలవాల్సింది ప్లాస్టిక్‌ను కాదు, వెలిగే చివరి చుక్క నుంచి అవతల వెలిగే మొదటి చుక్క దాకా. మధ్య సందుంటే దానితో సహా. మావాడు జామెట్రీ బాక్సు స్కేలు తెచ్చి, సున్నా గీతను వదిలేసి స్కేలు అంచు ఆనించి కొలిచాడు. స్కేలుకూ గట్టుందని ఎరగడు. 4 మిల్లీమీటర్లు తగ్గాయి, 14 చుక్కలు పోయాయి, రోడ్డు ఇంకా కుంటుతూనే ఉంది.

గట్ల వెనక కార్డు గీసే చుక్కలు ఒక్కో ఫ్రేముకు 2,33,280. సెకనుకు 60 ఫ్రేములైతే దాదాపు 1 కోటి 40 లక్షలు. వాటిని చూసే కన్ను లేదు. నిష్కామకర్మకు ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. కరెంటు బిల్లు మాత్రం సకామంగానే వస్తుంది.

పూర్వపక్షం: ఆట చూపించే అక్షరాలు కూడా గట్టు కిందికి పోతే? ఎన్విడియావారు దీనికి కంట్రోల్, ఆల్ట్, బి అనే మంత్రం ఇచ్చారు. నొక్కితే దాగినవి బయటపడతాయి, రోడ్డు మళ్లీ విరుగుతుంది. రెండు మానిటర్లే ఉన్నవారికి మాత్రం మంత్రం లేదు. వాళ్ల గురి చుక్క పడేదే గట్టు మీద.

సున్నా గీత నుంచి మళ్లీ కొలిచాం. గీత అతికింది. అర్ధరాత్రి అయింది. పక్క తెరలో రోడ్డు ఎంత చక్కగా సాగుతోందో చూడరా అన్నాను.

"నూటఎనభైలో పోతుంటే పక్కకెవరు చూస్తారు మామయ్యా," అన్నాడు.